గుండంలో నిలబడ్డ మనిషి

మొన్న భద్రాచలం బస్టాండులో ఒక జత చెప్పులు చూశాను. నల్ల రబ్బరువి. అడుగు మందంగా, మెత్తగా ఉంది. వెనక మడమకు పట్టీ. ఎక్కడా ఒక్క మేకు లేదు. అలాంటివి బజారులో అమ్మరు, దవాఖానాలో ఇస్తారు. చెప్పులు చూసిన తర్వాతే మనిషిని చూశాను. బూర్గంపాడు బస్సు ఆగేచోట గోనెపట్టా మీద ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. చెప్పులు మాత్రం తడిగుడ్డతో తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

మా ఇంట్లోనూ అలాంటి జత ఒకటి ఉండేది. మా చిన్నాయన వాటిని ఒక్కనాడూ తొడగలేదు. "ఇవి ఏసుకొని గడప దాటితే ఇగ నోటితోని చెప్పే పనే లేదు" అనేవాడు. ఆ మాట నిజమే. ఆ చెప్పులు చూసినవాడికి జబ్బు పేరు వేరే చెప్పనక్కరలేదు, బస్టాండులో నాకు ఎవరూ చెప్పనట్టే.

ఆ జబ్బు కుష్టు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. 'కాలు సంగతి' అనేవాళ్ళం. చివరికి ఆ కాలు మోకాలి కింది దాకా తీసేశారు. తీసేసిన తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు. ఆయన పోయాడు కనుక జబ్బు పేరు రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఆ జబ్బు దాచటానికి ఆయన పడ్డ పాటు నేను చూశాను.

మాది దమ్మపేట దారిలో, అడవి అంచున ఉన్న ఊరు. ఊరు దాటగానే టేకు చెట్లు, వాటి వెనక కోయగూడేలు. ఒకప్పుడు మా తాతల భూమి ఎక్కడిదాకా ఉండేదో చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, నేను చెప్పను. కొంత భూచట్టానికి పోయింది, కొంత కోర్టులకు, కొంత మా తాత పేకముక్కలకు. నాకు ఊహ తెలిసేటప్పటికి మిగిలింది ఒక ఎత్తైన గేటు, దాని వెనక రెండు గదులు, 'దొర' అనే పిలుపు.

చిన్నాయన గోడకు ఆనుకొని కూర్చోగా నేను చూడలేదు. మంచం మీదైనా, బస్సులోనైనా వీపు నిటారుగానే ఉండేది. ఒకసారి జ్వరంతో మూలుగుతున్నప్పుడు మండలాఫీసు నుంచి ఎవరో వచ్చారని తెలిసి లేచాడు. తలగుడ్డ చుట్టుకొని, మీసం దువ్వుకొని, ఆ వచ్చినవాడు పోయేదాకా కూర్చొని మాట్లాడి, మళ్ళీ పడుకొని మూలిగాడు. ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. దాహమేస్తే "ఎండలు ముదిరినయ్" అని గాలితో అనేవాడు. మా అమ్మ నీళ్ళు తెచ్చేది. ఆకలైతే "పొద్దు నెత్తి మీదికొచ్చింది" అనేవాడు. మా అమ్మ పళ్ళెం పెట్టేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "మనకు పిల్లనిచ్చేటోని ఇంటికి మనం పోం. మనం పోదామనుకున్న ఇంట్ల పిల్ల లేదు" అని నవ్వేవాడు.

ఆయన చుట్ట ముట్టించుకోవటం చూడటానికే కొందరు వచ్చేవాళ్ళు. కుంపట్లోంచి నిప్పుకణిక వేళ్ళతో తీసేవాడు. తొందరపడేవాడు కాదు. చుట్ట బాగా రాజుకున్నాక ఆ కణికను అది ఉన్నచోటే తిరిగి పెట్టేవాడు. పీర్ల చావడి చూసుకునే ముజావర్ ఒకాయన మా గేటు పక్కన కూర్చొని పరుపులు కుట్టేవాడు. చిన్నాయనతో హాస్యమాడే చనువు ఊళ్ళో ఆయన ఒక్కడికే ఉంది.

"దొరా, అవి వేళ్ళా పటకారా?" అనేవాడు.

"మీ అయ్యనడుగు. మా అయ్య చేతి దెబ్బ తిన్నోడు, ఆయనకెర్క" అనేవాడు చిన్నాయన.

తన మరిది చేతికి సెగ తగలదని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది మా రక్తంలోనే ఉందని ఒక మేనత్త తేల్చింది. అందరమూ నమ్మాం. అన్నీ పోయిన ఇంట్లో అదొకటి మిగిలిందనుకున్నాం.

రక్తంలో ఉందని నమ్మటానికి మాకు ఇంకో కారణం ఉంది. పీర్ల పండుగకు మా ఊళ్ళో చావడి ముందు గుండం తవ్వి, చింతమొద్దులు కాల్చి, చివరి రోజు పొద్దుపొడుపు వేళకు నిప్పులు పరుస్తారు. పీర్లను ఎత్తుకున్నవాళ్ళు ఆ నిప్పుల మీదుగా పోతారు. వాళ్ళకు ముందు మా ఇంటి మగవాడు ఒకడు పోవాలి. ఎవరు పెట్టిన కట్టడో తెలియదు. భూమి పోయినా, పంచాయితీలు చెప్పే కచేరి పోయినా, ఆ మొదటి అడుగు మాత్రం మాదిగానే ఉండేది. అందరూ ఉరికి దాటేవాళ్ళే. మా తాత ఉరికాడు, మా నాన్న ఉరికాడు. నాన్న పోయాక ఆ వంతు చిన్నాయనకు వచ్చింది. ఆయనా కొన్నేళ్ళు ఉరికాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పండుగకు, ఆయిల్‌పామ్ తోటల ఆసామి ఒకాయన మొద్దులు తోలించి, షామియానా వేయించి, లైట్లు పెట్టించాడు. ఇంత ఖర్చు పెట్టుకున్న మనిషికి మొదటి అడుగు ఎందుకు ఉండొద్దని పెద్దమనుషుల్లో మాట పుట్టింది. పొద్దుపొడుపుకు చిన్నాయన స్నానం చేసి తడిపంచెతో వచ్చాడు. డప్పులు మోగుతున్నాయి. గుండంలోకి దిగాడు. ఉరకలేదు, నడిచాడు. నడుమకు వచ్చి ఆగాడు. ఆసామి నిలబడ్డ వైపు తిరిగి, మీసం సర్దుకొని, అప్పుడు మళ్ళీ నడిచాడు. డప్పులు కొట్టేవాళ్ళు కొట్టటం మరిచిపోయారు. ఆయన గట్టు ఎక్కగానే ముసలమ్మలు ఆ పాదాల కింది మట్టి తీసి నెత్తిన రాసుకున్నారు. ఆసామి వంగి కాళ్ళకు మొక్కాడు.

ఆ రోజంతా మా గేటు మూయలేదు. చాలా ఏళ్ళుగా తీయని పెద్ద వంట గుండిగను మా అమ్మ ఆ రోజు దింపించింది. చిన్నాయన మంచం మీద నిటారుగా కూర్చొని, వచ్చినవాళ్ళతో, "పీరు పట్టుకున్నడు, నేను నిలబడ్డ" అన్నాడు. నమ్మే అన్నాడు. ఎడమ అరికాలి తోలు ఊడి వేలాడుతున్న సంగతి సాయంత్రం మా అమ్మ చూసి చెప్పేదాకా ఆయనకు తెలియదు.

ఆ పుండు మానలేదు. పసుపు పెట్టాం, వేపనూనె పెట్టాం, గూడెం నుంచి తెచ్చిన ఆకుపసరు పోశాం. పైన ఎండినట్టే ఉండి లోపలికి దిగింది. మంచం దగ్గరికి పోతే వాసన వచ్చేది. ఆయన చుట్టలు ఎక్కువ చేశాడు, మా అమ్మ అగరుబత్తీలు ఎక్కువ చేసింది. ఈగలు మాత్రం మోసపోలేదు. ఆ రోజుల్లోనే కుడిచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి వంగటం మొదలైంది. ఆ చెయ్యి కండువా కింద పెట్టుకునేవాడు. ఎవరైనా అడిగితే చలి అనేవాడు. రోహిణి కార్తెలో కూడా అదే మాట.

ఒక పొద్దున మా అమ్మ ఆయన పక్క తీస్తూ నన్ను పిలిచింది. దుప్పటి రక్తంతో తడిసి ఉంది. కాలి బొటనవేలి కొస లేదు. ఎలుక కొరుక్కుతిన్నది. చిన్నాయన మంచం మీద లేచి కూర్చొని, మేం చూస్తున్న చోటికే చూశాడు. అది ఇంకెవరి కాలో అయినట్టు చూశాడు.

"రాత్రి మంచిగ నిద్ర పట్టిందే" అన్నాడు.

మా అమ్మ ఆ దుప్పటి చుట్టచుట్టి, జీపు పిలుచుకురమ్మని నన్ను తోసింది.

ఆ రోజే ఆయన్ను జీపులో మండలం దవాఖానాకు తీసుకుపోయాను. గోదావరి జిల్లా వైపు నుంచి వచ్చిన చిన్నవయసు డాక్టరమ్మ చూసింది. కాలు చూసింది. మోచేతి వెనక నరం వేళ్ళతో నొక్కి చూసింది. చొక్కా విప్పించి వీపు చూసింది. వీపు మీద పాలిపోయిన మచ్చలు ఉన్నాయి. ఇన్నేళ్ళూ మేం ఎవరం ఆ వీపు చూడలేదు. తర్వాత తలుపు వేసి, చిన్న దూదిపోగు తీసుకుంది.

"కళ్ళు మూసుకోండి బాబాయిగారూ. నేను ముట్టుకున్నచోట వేలుపెట్టి చూపించండి" అంది.

నుదురు ముట్టుకుంది, చూపించాడు. మెడ, చూపించాడు. ముంజేయి ముట్టుకుంది. ఆయన కదల్లేదు. అరచెయ్యి, పిక్క, పాదం. కదల్లేదు. చాలాసేపయిందే అని ఆయనకు అనుమానం వచ్చినట్టుంది.

"ఇగో, ఇక్కడ" అని మోకాలి కింద చూపించాడు. ఆమె ముట్టుకోలేదు. "ఇక్కడ" అని మడమ చూపించాడు. అప్పుడూ ముట్టుకోలేదు. దూది ఆమె వేళ్ళ మధ్య గాలిలోనే ఉంది. ఆయన కళ్ళు మూసుకొని, వీపు నిటారుగా పెట్టి, ఫలానా చెలక ఫలానావాడికి అని పంచిపెడుతున్నట్టు, తన ఒంటి మీద చోట్లు ఒక్కొక్కటే చూపిస్తూ పోయాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఆమె మెల్లగానే చెప్పింది. ఇది మందులకు లొంగే జబ్బేనని, ఏడాది మాత్రలు వాడాలని, వాడటం మొదలుపెట్టగానే ఇంకొకరికి అంటదని చెప్పింది. నన్నూ, తర్వాత మా అమ్మనూ చూసి మాకు లేదంది. కాని చచ్చిన నరాలు లేవవని, పోయిన స్పర్శ రాదని కూడా చెప్పింది. నొప్పి చెప్పదు కాబట్టి ముల్లును, వేడిని కళ్ళతో చూసి తప్పుకోవాలి. నల్లచెప్పుల జత ఒకటి ఇచ్చి, అవి లేకుండా నడవకూడదంది. పుండు ఎముక దాకా పోయింది. ఇంకోసారి కాలిందంటే కాలు తీయాల్సిందే.

ఎన్నేళ్ళ నుంచి ఉండి ఉంటుందని చిన్నాయన అడిగాడు. చాలా ఏళ్ళ నుంచే అయి ఉంటుందని ఆమె అంది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఊరు దగ్గరపడ్డాక ఆయన ఒక్కటే అన్నాడు.

"అయితే గుండంల నన్ను నిలబెట్టింది పీరు గాదన్నట్టు."

మాత్రలు నేనే పోయి తెచ్చేవాణ్ణి. దవాఖానా మనిషి మా గేటు ముందు సైకిలు దిగటం ఆయనకు ఇష్టం లేదు. మందులకు ఒళ్ళు నల్లబడింది. దొర నల్లబడ్డడేందని ఎవరైనా అడిగితే అడవిలో తిరుగుతున్నానని చెప్పేవాడు. గడప దాటని మనిషి. తన పళ్ళెం, తన చెంబు వేరు చేసుకున్నాడు. అక్కరలేదని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. మా అమ్మ ఆ పళ్ళెం కడగబోతే లాక్కునేవాడు. చెప్పులు కాగితంలో చుట్టి మంచం కింద తోశాడు. వట్టికాళ్ళతో నడిచేవాడు. పుండులో పురుగులు పడ్డాయి. నేను చిమటాతో పట్టి తీస్తుంటే పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. ఒకసారి ఎముక ముక్క ఊడివచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకొని, ఎటూ తోచక, కిటికీలో పెట్టాడు.

మళ్ళీ పండుగ దగ్గరపడింది. ఆయన గుండం మాట ఎత్తలేదు. అంటే పోతాడని నాకు తెలుసు.

"కాలు పోతది చిన్నాయనా" అన్నాను.

"పోతే పోనీ."

"ఒక్కయేడు ఆసామిని పోనిస్తే ఏమైతది?"

"ఈ దొర ఎందుకు పోలేదంటరు. ఏం చెప్తవ్?"

ఒంట్లో బాగలేదని చెబుతానన్నాను.

"నిప్పుల నిలబడ్డోనికి బాగలేకపోవుడేందిరా అంటరు. ఒకడు కాలు చూస్తనంటడు. ఇంకొకడు చెయ్యి చూస్తనంటడు. గంతే. ఎల్లుండి నుంచి మీ అమ్మ చేతి నీళ్ళు ఎవడు తాగుతడు? నీకు పిల్లనెవడిస్తడు?" కండువా చేతి మీదికి లాక్కొని, "నాకు ఒక్కటే కాలు పోతది. నేను పోకపోతే ఇల్లే పోతది" అన్నాడు.

ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ చూపించలేను. మా అమ్మ అన్నం మానేసింది. ఆయన అది చూసి తానూ మానేశాడు. ఇద్దరూ చెరో గదిలో కూర్చున్నారు, మధ్యలో నేను.

చివరికి దారి చూపింది ముజావర్. పండుగ పిలుపు చెప్పటానికి వచ్చి, గుమ్మంలోనే ఆగి, కట్టుకట్టిన కాలి వైపు చూసి, చూడనట్టు కూర్చున్నాడు. ఆయనకు ఎంత తెలుసో మాకు తెలియదు.

"దొరా, ఈ యేడు కొడుకును పంపు. ఇంటి మగోడే గద. నువ్వు కుర్చీల కూసోని చూడు, అదొక పెద్దరికం" అన్నాడు.

"వాడా? వాడు కాలేజీల చదివినోడు. నిప్పును పుస్తకంల చూసిండు. ఉరుకుతడు."

"ఉరుకనీ. నీకు ముందు అందరు ఉరికినోళ్ళే."

చిన్నాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత సరేనన్నాడు. ఆ పూట మా అమ్మా, ఆయనా అన్నం తిన్నారు.

పండుగనాడు గుండం గట్టు మీద ఆయనకు కుర్చీ వేశారు. ఎడమకాలి మీద శాలువా, కుడిచేతి మీద కండువా. పొద్దు పొడుస్తోంది. ఊరంతా వచ్చింది. నేను స్నానం చేసి తడిపంచెతో దిగాను. చిన్నాయన లాగే నడవాలనుకున్నాను. ఊరు కూడా అదే అనుకుంది. మొదటి అడుగుకు ఏమీ తెలియలేదు. తర్వాత నా కాళ్ళు నన్ను అడగలేదు. ఉరికాను. మా తాత, మా నాన్న ఉరికినట్టే ఉరికాను, కాని ఊరు వాళ్ళను ఎప్పుడో మరిచిపోయింది. "దొర ఉరుకుతుండు రోయ్" అని ఎవడో అన్నాడు. నవ్వులు లేచాయి. ఆసామి నవ్వలేదు. పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు.

గట్టు ఎక్కి, కుంటకుండా, కుర్చీ దగ్గరికి నడిచాను. తిడతాడనుకున్నాను.

"కూసో" అన్నాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "కాలు ఇటు తే."

పెద్దవాళ్ళ వైపు కాలు చాపటం మా ఇంట్లో లేదు. నేను కదల్లేదు. ఆయనే వంగి నా మడమ పట్టుకొని, పైకి లాగి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. కండువా జారి నేల మీద పడింది.

వంగి బిగుసుకుపోయిన వేళ్ళతో నా అరికాలి పొక్కులను తడిమాడు. ఆ వేళ్ళకు ఏమీ అందటం లేదని నాకు తెలుసు. తల ఎత్తి నా మొహంలోకి చూశాడు.

"ఎట్లుంది?"

"మండుతంది."

"మండుతదని అందరు చెప్తరు. ఎట్ల మండుతది? యాడ మొదలైంది?"

చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఆ చేతులనే చూస్తున్నారు. ఒకామె పిల్లను వెనక్కి లాక్కుంది. ముందు నిలబడ్డవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు, తర్వాత ఇంకొకటి. ఆసామి కండువాతో ముక్కు మూసుకున్నాడు. ముజావర్ ఒక్కడే ఉన్నచోటే ఉండి తల దించుకున్నాడు. పడిపోయిన కండువా తీసి ఆయన చేతుల మీద కప్పబోయాను. మోచేత్తో నెట్టేశాడు.

"అది ఉండనీ. నువ్వు చెప్పు."

చెప్పాను. మొదటి అడుగు తడి ఇసుక మీద వేసినట్టు చల్లగా ఉందని చెప్పాను. తర్వాత వేళ్ళ సందుల్లో సూదులు దిగాయని, అక్కడి నుంచి మడమకు, మడమ నుంచి పిక్కకు, పిక్క నుంచి పళ్ళ దాకా వచ్చిందని చెప్పాను. ఇప్పుడు పొక్కుల కింద ఏదో కొట్టుకుంటున్నట్టు ఉందన్నాను. ఆయన ఒక్క మాట పోనివ్వకుండా విన్నాడు.

"అరికాలు నడుమ గూడ తెలుస్తదా?"

"తెలుస్తది."

"గాలి తగిలితే?"

"ఇంకింత ఎక్కువైతది."

ఆయన వంగి నా పాదం మీద మెల్లగా ఊదాడు. "ఇప్పుడు?"

"తెలుస్తంది, చిన్నాయనా."

జనం చావడి మలుపు దాకా వెనక్కి జరిగారు. గుండం చుట్టూ మేం ముగ్గురమే మిగిలాం. ఆయన తల ఎత్తి అటు చూశాడు. అంతా చూశాడు, ఆయనకు అంతా అర్థమైంది. నా కాలు వదల్లేదు.

"మళ్ళ మొదటి కాడి నుంచి చెప్పు" అన్నాడు.

చెప్పాను.